పత్తిమిల్లులో ఐదో ఎందుకు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సార్, మీ అనుభవం చెప్పండి" అంటారు. నేను అనుభవించినవి చాలానే ఉన్నాయి గాని, అనుభవం అనదగ్గవి తక్కువ. అయితే ఒక్క కథ మాత్రం ఎవరూ అడక్కపోయినా చెబుతాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అది చెప్పడం మొదలుపెడితే నా గుండె పై గేరులో పడుతుంది. డాక్టరు ఉద్రేకపడొద్దన్నాడు. ఆయన పత్తిమిల్లులో పనిచేయలేదు.

మా మిల్లు జహీరాబాద్ దాటాక, హైవే మీంచి కాస్త లోపలికి ఉండేది. ఝరాసంగం, రాయికోడ్ వైపు ఊళ్ల నుంచి రైతులు ట్రాక్టర్లలో పత్తి విడిగా పోసుకుని తెచ్చేవాళ్లు. ఆ పత్తిలోంచి గింజను వేరుచేసి, దూదిని బేళ్లు కట్టడం మా పని. యార్డులో కుప్పపోసిన పత్తిని ఒక పెద్ద గొట్టం గాలితో పీల్చుకుంటుంది. గొట్టం మధ్యలో ఏనుగు చెవులంత రెక్కలున్న ఫ్యాను. అది పీల్చిన పత్తిని షెడ్డు లోపల వరసగా నిలబెట్టిన మిషన్ల నెత్తిన పోస్తుంది. ప్రతి మిషను దగ్గరా ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి, పత్తి ఇరుక్కోకుండా చేత్తో సర్దుతూ ఉంటుంది. వీటన్నిటి మీదా నేను ఫోర్‌మన్‌ని. మిషన్లన్నీ నా మాట వినేవి. వినకపోతే సుత్తి మాట వినేవి.

ఆ ఏడాది సీజను మొదలుకాకముందు మా యజమాని నన్ను హైదరాబాద్‌కు ఒక శిక్షణకు పంపించాడు. యజమానిని ఊళ్లోవాళ్లలాగే మేమూ పటేల్ అనేవాళ్లం. శిక్షణ దేనికయ్యా అంటే, పనిలో వచ్చే సమస్యకు మూలకారణం కనిపెట్టే పద్ధతులకు. ఏసీ గదిలో కూర్చోబెట్టి రెండు ఆయుధాలు నా చేతిలో పెట్టారు. ఒకటి చేపముల్లు బొమ్మ. సమస్యను చేప తలగా గీసి, కారణాలు కావచ్చు అనుకున్నవాటినన్నిటినీ ముళ్లుగా గీయాలి. నేను జన్మలో చేప తిన్నవాణ్ని కాదు. ముళ్లు ఎటు ఉంటాయో పక్క కుర్చీలో కూర్చున్నాయన్ని అడిగి గీశాను. రెండోది "ఐదు ఎందుకులు". ఏదైనా జరిగితే ఎందుకు అని అడగాలి. వచ్చిన జవాబును పట్టుకుని మళ్లీ ఎందుకు అనాలి. అలా ఐదుసార్లు తవ్వుకుంటూ పోతే అసలు వేరు దొరుకుతుందట. మా ఇంట్లో ఈ పద్ధతిని నా భార్య పెళ్లయిన నాటి నుంచీ నా మీద వాడుతోంది. దానికి ఒక పేరుందని మాత్రం అప్పుడే తెలిసింది.

తిరిగొచ్చి ఆయుధాలకు పదును పెట్టుకుంటున్నానో లేదో, నిప్పు వచ్చింది.

పత్తిమిల్లులో నిప్పంటే మీకు తెలియాలి. కట్టెల నిప్పులా చిటపటమని కబురుపెట్టి రాదు. దూది లోపల చప్పుడు లేకుండా కూర్చుంటుంది. మనకు కనిపించేసరికి నాలుక చాపుతూ ఉంటుంది. "అగ్గి! అగ్గి!" అని అరుపు, ఫ్యాను ఆపెయ్యడం, ఇసుక బకెట్లతో పరుగు. ఆ మొదటిసారి చివరి మిషను నెత్తిన మంట లేచింది, ఆర్పేశాం. విప్పి చూస్తే ఫ్యాను బేరింగు గ్రీజు ఎండి, కాలి, నల్లగా మాడిపోయి ఉంది. మార్చేశాం. కారణం దొరికింది, సమస్య తీరింది అని నేను మీసం కూడా సర్దుకున్నాను.

కొద్దిరోజులకు మళ్లీ నిప్పు, మళ్లీ అదే చివరి మిషను దగ్గర. ఈసారి బేరింగు కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది! సర్దుకున్న మీసం అట్లాగే ఉండిపోయింది.

మూడోసారి కూడా వచ్చాక పటేల్ అందర్నీ ఆఫీసు గదిలోకి పిలిచాడు. మా కరెంటు పనాయన, మా ఫిట్టరు, యార్డు లెక్కలు రాసే మున్షీ, నేను. గోడకు పెద్ద అట్ట కొట్టి చేపను గీశాను.

"గిది చేపా?" అన్నాడు ఫిట్టరు. "నాకైతే చీపురు లెక్క కొడ్తున్నది."

"ఏదైతేంది, ఊడ్చేది కారణాలనే గదా. చెప్పుండ్రి, ఒక్కొక్కరు ఒక్క కారణం."

కరెంటాయన వోల్టేజి అన్నాడు. ఆయన ఇంట్లో పాలు విరిగినా వోల్టేజే అంటాడు. ఫిట్టరు రోలర్ల మీద ఒట్టేశాడు. పటేల్ వాళ్ల అమ్మ తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మేమంతా అవ్వ అనేవాళ్లం. మిల్లు ఆమె పుస్తెలు కుదువబెట్టి మొదలైందని చెప్పుకునేవారు. "మీరేమన్న రాసుకోండ్రి. ఇంత తెల్లటి సొమ్ము కుప్పలు బోస్తే దిష్టి తగలదా?" అంది. పటేల్ నా వైపు చూశాడు. తల్లి మాటను కాదనలేని చూపు అది. నేను నవ్వు బిగబట్టుకుని ఒక ముల్లు గీసి, దాని పక్కన 'దిష్టి' అని రాశాను. అప్పటికే అవ్వ తన మందు తను వేస్తూనే ఉంది. మొదటి నిప్పు నాటి నుంచి రోజూ గేటు దగ్గర మంచమేసుకుని కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి ట్రాక్టరుకూ తన చేత్తో కట్టిన దిష్టిమూట ఒకటి ఉచితంగా ఇస్తోంది. నిమ్మకాయ, మిరపకాయలు వేసిన నల్లగుడ్డ మూట.

ఆఖరున మున్షీ గొంతు సవరించుకున్నాడు. "ఇన్ని ముండ్లెందుకు సారు? మూడుసార్లు అగ్గి లేసింది ఎక్కడ? ఆఖరు మిషను కాడ. ఆడెవరున్నరు? మొగుడంపల్లి ఆమె. ఆమె చెయ్యి స్లో. పత్తి ఇరుక్కుంటది, రోలరు రాసుకుంటది, అగ్గి లేస్తది. ఇంకొక మాట గూడ ఉన్నది... ఆమె చెయ్యే మంచిది గాదని అందరంటున్నరు."

గదిలో తలలన్నీ ఊగాయి. పిల్లలూ, ఇక్కడొక విషయం గమనించండి. వోల్టేజి అంటే కొలవాలి. రోలరు అంటే విప్పాలి. మనిషి అంటే ఏమీ చెయ్యక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. మా మిల్లులో మూలకారణం అంటే మూలన ఉన్న కారణం అనుకున్నారు. చివరి మిషను సరిగ్గా షెడ్డు మూలన ఉంది.

"పటేలా, ఎందుకు అయితున్నదో తెల్వకుండ..." అని నేను మొదలుపెట్టాను.

"సాబ్, ఎందుకెందుకు అని ఎన్ని దినాలు? ఎవరో చెప్పుండ్రి చాలు. ఇన్సూరెన్సోళ్లు తిడుతున్నరు, బయట ట్రాక్టర్లు లైను గట్టినయ్. వచ్చే పగారు రోజుదాకా టైమిస్తున్న. మీకు ఇంకో కారణం దొరికిందా సరే. లేకుంటే ఆమెకు లెక్క జేసి పంపిస్త."

మొగుడంపల్లి ఆమె ఎవరో చెప్పాలి కదా. నలభై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో మంచాన పడ్డ అత్త, బడికిపోయే ఇద్దరు పిల్లలు. నాలుగు నోళ్లకూ మా మిల్లు కూలే ఆధారం. షేర్ ఆటోలో అందరికంటే ముందు దిగేది, అందరికంటే గట్టిగా నవ్వేది. ఎవరైనా మీదెక్కడమ్మా అంటే, "మొగుడంపల్లి. ఊరి పేర్ల మొగుడున్నడు గని, ఇంట్ల లేడు" అని తనే అనేసేది. ఎదుటివాళ్లు జాలిపడే లోపల నవ్వించేసేది.

ఆ సాయంత్రం షెడ్డు బయట నన్ను ఆపింది.

"సారూ, నా చెయ్యి మంచిది గాదంట గదా? ఇదే చేత్తోని మీకు ఎన్నిసార్లు చాయ్ వోసిచ్చిన. మీకేమన్న అయిందా?"

"ఛాతిల మంట అయింది."

ఒక్క క్షణం నవ్వింది. తర్వాత గొంతు మారింది. "పని పోతే ఇంకోటి సూసుకుంట సారు. పత్తి ఏరవోత, ఇటుకల బట్టీకి వోత. గని గీ పేరు వెట్టి పంపిస్తే నన్నెవరు రానిస్తరు? నాట్లకు విలుస్తరా, పెండ్లిల పసుపు దంచనిస్తరా? జర నిజమేందో తీయుండ్రి."

అప్పటిదాకా నాకది ఒక మిషను సమస్య. ఆ మాటతో ఏకు మేకై కూర్చుంది.

మొదట నేను చేసింది చాలా చిన్న పని. ఒకేసారి ఒక్కటే మార్చి చూడాలని శిక్షణలో చెప్పారు. మొగుడంపల్లి ఆమెను యార్డులో ఊడ్చే పనికి పంపి, ఆమె చోట రాయికోడ్ అమ్మాయిని నిలబెట్టాను. ఆ పిల్ల చెయ్యి ఎంత వేగమంటే ఆమె సర్దుతుంటే మిషనే ఆయాసపడేది. ఇంకేదీ ముట్టుకోలేదు. అదే ఫ్యాను, అవే రోలర్లు, అదే మూల.

మర్నాడే మంట! అదే చివరి మిషను! అందరూ బకెట్లు పట్టుకుని పరుగెత్తుతున్నారు, నేను మాత్రం రెండు చేతులూ పైకెత్తి ఎగిరాను. ఆర్పడం అయిపోయాక కూడా నా మొహంలో నవ్వు పోలేదట.

"ఫోర్‌మన్ సారుకు పిచ్చి లేసింది," అన్నాడు ఫిట్టరు.

"మిల్లు కాలుతుంటె నవ్వుతరేంది సాబ్?" పటేల్ నిజంగానే భయపడ్డాడు.

"ఆమె లేదు పటేలా! మిషను కాడ ఆమె లేదు, అయినా అగ్గొచ్చింది!"

మున్షీ ఊరుకుంటాడా? "యార్డుల ఉన్నది గదా. కుప్ప ముట్టే ఉంటది" అన్నాడు. ఆమె ఎక్కడుంటే అక్కడే కారణం అన్నమాట. రేపు ఆమెను ఇంటికి పంపినా, మొగుడంపల్లి దిక్కు నుంచి గాలి వీచిందంటారు. అట్లాంటి కారణంతో వాదించలేం. దానికంటే బరువైనది ఇంకోటి తెచ్చి పక్కన పెట్టాలి, అంతే.

మరి నిప్పు ఎప్పుడూ చివరి మిషను దగ్గరే ఎందుకు కనిపిస్తోంది? దీనికి నేను షెడ్డులో నిలబడి గాలిని చూశాను. చూడటమంటే, కొద్దిగా పసుపు కలిపిన దూదిని గొట్టంలో వదిలి అది ఎక్కడ పడుతుందో చూడటం. బరువున్న పత్తి ముందు మిషన్ల మీద పడిపోతోంది. తేలికది తేలుకుంటూ చివరిదాకా పోతోంది. నిప్పు పట్టిన దూది తేలికవుతుంది కదా! అంటే నిప్పు మూలన పుట్టడం లేదు, మూలకు చేరుతోంది. ఎక్కడో ముందు పుట్టి, గాలిలో ఊపిరి పోసుకుని, చివర్న కళ్లు తెరుస్తోంది. ఈ ముక్క అర్థమైన క్షణంలో నేను మిషన్ల వరస వెంట ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తాను. నా బొజ్జకది మంచిది కాదు.

ఇక రెండో ప్రశ్న. ఎక్కడ వస్తోందని కాదు, ఎక్కడ రావడం లేదని అడగాలి. అది ఆ శిక్షణలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట. బీదర్ వైపు వ్యాపారులు మాకు బస్తాల్లో కుట్టి పత్తి పంపేవారు. ఆ బస్తాల పత్తి ఆడిన రోజుల్లో ఒక్కసారి కూడా నిప్పు రాలేదని ఫిట్టరుకు గుర్తుంది, నాకూ గుర్తుంది. ట్రాక్టర్లలో విడిగా వచ్చిన పత్తికే వస్తోంది. ఇంకో వింత కూడా తోచింది. ఒక నిప్పు వచ్చాక రెండోది తొందరగా వస్తోంది, రెండోదాని తర్వాత మూడోది ఇంకా తొందరగా వస్తోంది. నిప్పు నిప్పును కంటున్నట్టు!

"నిప్పుకు కాన్పులేంది సారు?" అన్నాడు కరెంటాయన. "వోల్టేజి..."

"వోల్టేజికి బస్తా పత్తి, ట్రాక్టరు పత్తి ఎట్ల తెలుస్తది?"

ఆయన మొదటిసారి నోరు మూసుకున్నాడు. ఆ ఒక్క విజయానికే నాకు ఇంక్రిమెంటు ఇవ్వచ్చు.

ఫ్యాను మూత విప్పించాం. టార్చి వేసి రెక్కలు చూస్తే, అంచుల మీద సన్నని గాట్లు! కొన్ని పాతబడి మసకబారాయి, కొన్ని వెండిలా మెరుస్తున్నాయి. ఫిట్టరు వేలితో తడిమి, "ఇనుము. ఇనుము తాకితేనే గిట్ల అయితది" అన్నాడు. తిరిగే రెక్కకు ఇనుప ముక్క తగిలితే రవ్వ లేస్తుంది, రవ్వ పత్తిలో పడుతుంది. నిప్పు తల్లి గర్భం దొరికింది! ఇప్పుడా ఇనుము ఎక్కడిది? ట్రాక్టరు నట్టు ఊడి పడిందా? చేలోని ముళ్లకంచె తీగా? గొర్రు కర్రు విరిగిన ముక్కా?

ఊహించడం ఆపి వెతుకుదామన్నాను. అయస్కాంతం కావాలి. మాకు తెలిసిన టెంట్‌హౌస్ అతని దగ్గర పాడైన పెద్ద లౌడ్‌స్పీకరు ఉంది. దాని వెనకాల అరచేయంత అయస్కాంతం ఉంటుంది. పీకి తెచ్చాను. వెదురుబొంగుకు కట్టి యార్డులోకి దిగి, ట్రాక్టరు పత్తి కుప్పల్లో గుచ్చి తిప్పడం మొదలుపెట్టాను. చేప తినని నేను చేపలు పట్టినట్టే ఉన్నాను! లైనులో ఆగిన ట్రాక్టరు డ్రైవర్లు దిగి వచ్చి చుట్టూ మూగారు. "ఏం వట్టినవ్ సాబ్, రవ్వులా బొచ్చెలా?" అని ఒకడు, "మైకు లేని లౌడ్‌స్పీకరు, పాట పాడు" అని ఇంకొకడు. పాడమంటే పాడేవాణ్నే, అంత హుషారులో ఉన్నాను.

టక్.

బొంగు చివర చిన్న దెబ్బ. పైకి తీశాను. అయస్కాంతానికి ఒక మేకు అంటుకుని ఉంది. తుప్పు లేదు, వంకర లేదు, కొత్తగా కొట్లోంచి తెచ్చిన మేకు. ఇంకో కుప్పలో గుచ్చాను. టక్. ఇంకో మేకు, అదే పొడుగు, అదే మెరుపు. చేలో రాలిన ఇనుమైతే ఒకటి ఇట్లా ఒకటి అట్లా ఉంటుంది. ఇవన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. మూడో మేకుకు నల్లగుడ్డ పీలిక చుట్టుకుని ఉంది, దానికి వాడిపోయిన మిరపకాయ తొడిమె. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిమ్మకాయ వాసన!

నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తలమీద తక్కువే గాని, ఉన్నవన్నీ.

ఫిట్టరు నా చేతిలోది చూశాడు. కరెంటాయన చూశాడు. ముగ్గురం తలలు తిప్పి గేటు వైపు చూశాం. అక్కడ మంచం మీద అవ్వ శ్రద్ధగా ఇంకో మూట ముడివేస్తోంది. దిష్టి పోవాలంటే ఇనుము ఉండాలి కదా. నిమ్మకాయ, మిరపకాయలతో పాటు ప్రతి మూటలో ఒక కొత్త మేకు వేస్తోంది. అందరం మూటను చూశాం, లోపల ఇంకేముందని ఎవరూ అడగలేదు. డ్రైవర్లు దాన్ని బంపరుకు కడితే ఎవరో తెంపుకుపోతున్నారని పత్తిలోకే దోపేస్తున్నారు. "అవ్వ ఇచ్చింది గదా, పత్తిల ఉంటెనే పత్తికి రక్ష" అన్నాడు ఒక డ్రైవరు. గొట్టం పత్తిని పీల్చుకుంటూ రక్షను కూడా పీల్చుకుంటోంది. నిప్పు వచ్చినప్పుడల్లా అవ్వకు భయం పెరిగి, మూటలు పెరుగుతున్నాయి. మూటలు పెరిగేసరికి నిప్పు పెరుగుతోంది. మొదటి నిప్పు బేరింగుది. తర్వాతివన్నీ మొదటిదానికి వేసిన మందువి! మేము అన్ని నిప్పులకూ ఒకే కారణం వెతుకుతూ కూర్చున్నాం. నేను నవ్వుతూ గీసిన ముల్లే చివరికి నా గొంతులో గుచ్చుకుంది.

"దొరికింది సారూ!" అన్నాడు ఫిట్టరు. మరుక్షణం గొంతు తగ్గించి, "గని పటేలుకు ఎవరు చెప్తరు?" అన్నాడు.

కరెంటాయన ఆకాశం వైపు చూసి, మబ్బులొస్తున్నాయి లైను చూడాలి అని వెళ్లిపోయాడు. ఎండ మాడుస్తోంది.

జీతాలిచ్చే పగారు రోజు వచ్చింది. ఆఫీసు గదిలో మున్షీ మొగుడంపల్లి ఆమెకు ఇవ్వాల్సింది విడిగా పెట్టి ఉంచాడు. కిటికీలోంచి ఆమె కనిపిస్తోంది, యార్డులో చీపురు పట్టుకుని, ఊడ్చిన చోటనే ఊడుస్తోంది. అవ్వ తన కుర్చీలో ఉంది. నేను అట్ట మీద ఐదు గీతలు గీశాను. చేతిలో అయస్కాంతం, జేబులో మేకులు.

"చెప్పుండ్రి సాబ్," అన్నాడు పటేల్.

"మిల్లు ఎందుకు ఆగుతున్నది? అగ్గి లేస్తున్నది గనుక. అగ్గి ఎందుకు లేస్తున్నది? ఫ్యానుల రవ్వ పుడుతున్నది గనుక. రవ్వ ఎందుకు పుడుతున్నది? రెక్కకు ఇనుము తాకుతున్నది గనుక." టేబులు మీద మేకులు పోశాను. "రెక్కకు ఇనుము ఎందుకు తాకుతున్నది? పత్తిల మేకులు వస్తున్నయ్ గనుక."

నాలుగో గీత అయిపోయింది. ఐదోదాని ముందు నా చూపు అవ్వ కుర్చీ మీదికి పోయింది. "గందుకని పటేలా, ఫ్యానుకు ముందు గొట్టంల ఒక పెద్ద అయస్కాంతం పెడితె సరిపోతది. మనుషులది తప్పేం లేదు" అని ముగించి కూర్చోబోయాను. ఐదు ఎందుకులు నేర్చుకుని వచ్చినవాణ్ని నాలుగింటికే కూలబడ్డాను. పటేల్ సంతోషంగా తలూపాడు. మున్షీ మాత్రం, "మేకులు పత్తిలకు ఎవరేసిన్రో తెలవాలె గదా, యార్డుల ఊడ్చేటోళ్లే..." అని కిటికీ వైపు చూశాడు.

"ఆగు," అంది అవ్వ.

కుర్చీలోంచి లేచి మెల్లగా టేబులు దగ్గరికి వచ్చింది. ఒక మేకు తీసి కంటి దగ్గర పెట్టుకుంది. దానికి చుట్టుకున్న నల్లపీలికను వేళ్లతో తడిమింది.

"కొడుకా, నువ్వు గోడ మీద ఐదు గీతలు గీస్తివి. నాలుగే చెప్తివి. ఐదోది అడుగు."

"అవ్వా, అది..."

"నువ్వు అడగవు. నేనే అడుగుత. పత్తిల మేకులు ఎందుకు వస్తున్నయ్?" అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. "నేనిస్తున్న గనుక. గీ ముడి నాది. నా ముడి నేను గుర్తుపట్టనా?"

"అమ్మా, నువ్వు మంచికే..." పటేల్ లేచాడు.

"మంచికే ఇచ్చిన్రా. ఎవలు కాదన్నరు? మంచికిచ్చింది మంట లేపితె, అది నాది గాకుండ వోతదా? ఆ బిడ్డ నెత్తిన రుద్దుతె సల్లారుతదా?"

నేను ఎన్నో మిషన్లు విప్పాను. ఏ మిషనూ తనంతట తాను మూత తీసి లోపల ఏముందో చూపించలేదు. ఆ రోజు ఒక మనిషి చూపించింది. పిల్లలూ, మీకు నేర్పే ఏ పద్ధతిలోనూ ఇది లేదు. ఐదో ఎందుకు ఎప్పుడూ ఎవరో ఒక పెద్దమనిషి గుమ్మం ముందుకే పోతుంది. తలుపు లోపలి నుంచి తీస్తేనే పని అవుతుంది.

తర్వాతి పనులన్నీ చకచకా జరిగిపోయాయి. అవ్వ మూటలు మానలేదు, మానమనడానికి మేమెవరం? మేకు తీసేసి బొగ్గుముక్క వేసింది. దిష్టికి బొగ్గూ పనికొస్తుందట, ఆమే తీర్పు చెప్పింది. మూట పత్తిలో పెట్టకూడదు, గేటు పక్కన పాతిన గుంజకు కట్టి లోపలికి రావాలి, గుడి ముందు చెప్పులు విడిచినట్టు. ఇంతకుముందు ఇచ్చిన మేకులు మిగిలి ఉంటాయి గనుక గొట్టంలో అయస్కాంతం కూడా పెట్టించాం. ఆ సీజనులో మళ్లీ నిప్పు రాలేదు. "సూసినవా, నా మూటలు ఇప్పుడు పని జేస్తున్నయ్" అనేది అవ్వ. నేను కాదనలేదు. లెక్క ప్రకారం చూసినా నిజమే.

కాని నేను చెప్పదలచుకున్నది ఆ పగారు రోజు మధ్యాహ్నం సంగతి. పటేల్ కిటికీలోంచి కేకేసి, "పోయి నీ మిషను మీద నిలబడమ్మా" అన్నాడు. ఆమె కదల్లేదు. చీపురు గోడకు ఆనించి, కిటికీ కిందికి వచ్చి నిలబడింది.

"రమ్మంటె రాను పటేలా. పొమ్మన్నప్పుడు అందరు సూసిన్రు. చెయ్యి మంచిది గాదని అందరన్నరు. ఇప్పుడు సప్పుడు గాకుండ పోయి నిలబడితె, రేపు మిషనుల బెల్టు తెగినా నా చెయ్యే అంటరు."

పటేల్ నా వైపు చూశాడు. నా చేపకు అన్ని ముళ్లున్నాయి గాని దీనికి ముల్లు లేదు.

అవ్వ బయటికి నడిచింది. డ్రైవర్లు చూస్తుండగా, కిటికీ కింద నిలబడ్డ మొగుడంపల్లి ఆమె దగ్గరికి పోయి కుడిచెయ్యి పట్టుకుంది.

"నా మేకే బిడ్డా. నీ చెయ్యి గాదు. దా."

ఆ చెయ్యి వదలకుండానే యార్డు దాటి, ఆగిన ట్రాక్టర్ల మధ్య నుంచి షెడ్డులోకి తీసుకుపోయింది. మిషన్ల వరస పొడుగునా ఆడవాళ్లు ముక్కుల మీది గుడ్డలు దించి చూస్తున్నారు. ఏ సీజనులోనైనా, ఏ చిన్న ఆటంకం తర్వాతైనా ఫ్యాను మొదలుపెట్టే పచ్చబటను పటేల్ ఒక్కడే నొక్కేవాడు. అవ్వ మూలకు పోలేదు. బటను ముందు ఆగి, "నొక్కు" అంది.

"నేనా అవ్వా?"

"నీ చేత్తోనే. అందరు సూడని."

ఆమె చీర చెంగుకు చెయ్యి తుడుచుకుంది. నొక్కింది. పొద్దుటి నుంచి ఆపి ఉంచిన ఫ్యాను మూలిగి, ఊపందుకుని, హోరెత్తింది. గొట్టంలో తెల్లగా పత్తి పరుగు తీసింది. ఆడవాళ్లలో ఎవరో ఈల వేశారు. మొగుడంపల్లి ఆమె కళ్లు తుడుచుకుంటూనే, వెనక్కి తిరిగి నన్ను చూసి పకపకా నవ్వింది.

ఎందుకు నవ్విందంటారా? అంత గొప్ప ఘట్టంలో, మనిషి మీద పూర్తి నమ్మకం ఉండి మిషను మీద మాత్రం లేక, నేను రెండు చేతుల్లో రెండు ఇసుక బకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నాను.